గ్రహణం ఎవరికి పట్టింది?

2025 సెప్టెంబరు 7, ఆదివారం. ఆ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. పది గంటలు కొట్టటానికి రెండు మూడు నిమిషాల ముందు భూమి నీడ చంద్రుడి అంచును తాకింది. ఒంటిగంటన్నర ప్రాంతంలో పూర్తిగా విడిచింది. నడుమ 82 నిమిషాలసేపు చంద్రుడు రాగిచెంబు రంగులో వున్నాడు. నేను తెలుగు చెప్పే తరగతిలో 60 మంది విద్యార్థులున్నారు. గోదావరి గట్టు మీదికి రండి, కలిసి చూద్దామని అందరికీ చెప్పాను. ఏడుగురు వచ్చారు. మబ్బులు తొలగినప్పుడల్లా చూశాం.

మర్నాడు, రానివాళ్లను కారణం అడిగాను. ఒక అమ్మాయి ఇలా చెప్పింది: "మా వదినకి ఏడో నెలండి. మధ్యాహ్నం భోజనం అయ్యాక మళ్లీ మంచినీళ్లు కూడా ఇవ్వలేదండి. గదిలో కదలకుండా పడుకోబెట్టారు. కదిలితే బిడ్డకి మొర్రి వస్తుందంట కదండీ. నేను గట్టు మీదికొచ్చేస్తే ఆవిడ దగ్గర ఎవరుంటారండి?"

నేను భాష చెప్పేవాణ్ణి గనుక నాకు ముందుగా తట్టింది భాషే. పై పెదవి చీలి పుట్టటాన్ని తెలుగులో గ్రహణమొర్రి అంటాం. దానికీ గ్రహణానికీ ఏ సంబంధమూ లేదు. శస్త్రచికిత్సతో వైద్యులు దాన్ని సరిచేస్తున్నారు. కాని అలాంటి బిడ్డను కన్న తల్లి మాత్రం గ్రహణం నాడు కదిలిందన్న నేరానికి జీవితాంతం దోషిగా నిలబడవలసిందే. ఆ తీర్పు మన నిఘంటువులోనే రాసి వుంది.

ఈ సంగతి ఉపాధ్యాయుల గదిలో చెప్పాను. యూనియను పనిలో తల పండిన ఒక మిత్రుడు, నేను ఎంతో గౌరవించే మనిషి, నవ్వి ఇలా అన్నారు: "ఆకాశం సంగతి తరవాత చూద్దాం మాస్టారూ. కౌలు రైతు అప్పులో వున్నాడు. మన కాలేజీలో సగం మంది కాంట్రాక్టు వాళ్లు. ముందు అన్నం సంగతి చూడండి. నక్షత్రాల పరిశోధన డబ్బున్న దేశాల వేడుక."

ఈ వ్యాసం ఆయనకు జవాబు. ఆయన ఒక్కరికే కాదు, అభ్యుదయవాదులమని చెప్పుకుంటూనే ఆకాశాన్ని సిద్ధాంతిగారికి రాసిచ్చి చేతులు దులుపుకున్న మనందరికీ జవాబు.

మొదటి ప్రశ్న. ఆకాశం నిజంగా అన్నానికి సంబంధించనిదేనా? ఆ వదినకు ఆనాడు అన్నం లేకుండా చేసింది ఏమిటి? బియ్యం లేకనా? ఇంట్లో బియ్యం వుంది, కుండలో నీళ్లూ వున్నాయి. ఆకాశాన్ని గురించిన ఒక సిద్ధాంతం ఆమె నోటికీ కుండకూ మధ్య అడ్డుగా నిలిచింది. ఆ సిద్ధాంతాన్ని నమ్మేవాళ్లున్నారు, దాని మీద బతికేవాళ్లున్నారు. దాన్ని ఖండించవలసినవాళ్లు "తరవాత చూద్దాం" అంటున్నారు. అంతే తేడా.

సనాతనులు వెంటనే ఒక మాట అంటారు: "మా పూర్వీకులకు ఇదంతా ఎప్పుడో తెలుసు." నిజమే, తెలుసు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటుడు చంద్రుణ్ణి కప్పేది భూమి నీడ అనీ, సూర్యుణ్ణి కప్పేది చంద్రుడనీ స్పష్టంగా చెప్పాడు. ఆ తరవాత ఏమయింది? ఏడవ శతాబ్దపు బ్రహ్మగుప్తుడు గొప్ప గణితవేత్త. గ్రహణం లెక్క కట్టేటప్పుడు ఆయనా నీడతోనే కట్టాడు. కాని రాహువు లేడన్నందుకు ఆర్యభటుణ్ణి తప్పుపట్టాడు. లెక్కలో నీడ, నోట్లో రాహువు! పదకొండవ శతాబ్దంలో మన దేశం వచ్చిన అల్ బిరూనీ ఈ ద్వంద్వ వైఖరిని పట్టుకుని నిలదీశాడు. అంటే మన సంప్రదాయంలో జ్ఞానానికి కొరత లేదు. ఆ జ్ఞానాన్ని జనానికి చెప్పటానికే మనసు లేదు. ఈనాటి సంగతి చూడండి. గ్రహణం పట్టే నిమిషం, విడిచే నిమిషం పంచాంగంలో తప్పకుండా సరిపోతాయి. భూమి, చంద్రుడు, సూర్యుడు ఎక్కడ వుంటారో గణించకుండా ఆ నిమిషం రాదు. ఆ గణితం పక్కనే, అదే పుటలో, ఏ నక్షత్రం వారు చూడరాదో పట్టిక వుంటుంది. వెయ్యిన్నర ఏళ్లుగా నడుస్తున్నది ఇదే వ్యాపారం: శాస్త్రం సిద్ధాంతిగారి కాగితం మీద, భయం జనం నెత్తిన.

ఇక "డబ్బున్న దేశాల వేడుక" అన్న మాట. మన తెలుగునేల మీద ఒక విశ్వవిద్యాలయ శాఖ ఏమి చేసిందో మిత్రుడికి తెలియదు కాబోలు. తెలియకపోవటం ఆయన తప్పు కాదు. ఎవరూ ఆయన భాషలో చెప్పలేదు.

1901లో హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ అనే ఉన్నతవంశీయుడు సొంత ఖర్చుతో ఒక వేధశాల పెట్టాడు. ఇంగ్లండు నుంచి 15 అంగుళాల దూరదర్శిని తెప్పించాడు. ఆయన పోయాక 1908లో నైజాం ప్రభుత్వం దాన్ని తీసుకున్నది. అదే నిజామియా వేధశాల. తరవాత ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చేరింది. "చూశారా, నవాబుగారి వేడుకే కదా" అని మిత్రుడు అనవచ్చు. పుట్టుక నవాబు ఇంటనే. అయితే దాని జీవితం ఎవరి చేతుల్లో నడిచిందో కూడా చూడాలి.

1887లో పారిస్‌లో ఒక అంతర్జాతీయ సభ జరిగింది. ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని, ప్రతి పట్టీని ఛాయాచిత్రాలు తీసి, ప్రతి నక్షత్రం స్థానాన్నీ కొలవాలని ఆ సభ తీర్మానించింది. సుమారు 20 వేధశాలలు పనిని పంచుకున్నాయి. ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా వున్న పట్టీ మొదట చిలీ దేశంలోని శాంటియాగో వంతు. వారి వల్ల కాలేదు. అది హైదరాబాదుకు వచ్చింది. రాత్రిళ్లు గాజు పలకల మీద ఆకాశాన్ని పట్టటం, పగళ్లు ఆ పలకల మీద చుక్కల్ని సూక్ష్మదర్శినితో కొలిచి అంకెలు రాయటం. ఒక చుక్క, రెండు అంకెలు. మరో చుక్క, మరో రెండు అంకెలు. ఇలా లక్షల నక్షత్రాలు. చాట్‌వుడ్, పోకాక్ అనే ఆంగ్లేయుల తరవాత 1918లో వేధశాల బాధ్యత టి.పి. భాస్కరన్ చేతికి వచ్చింది. 1944 దాకా ఆయనే నడిపారు. చుక్కలు కొలిచింది నవాబు కాదు. నెలజీతగాళ్లు. వారిలో చాలామంది పేర్లు ఈనాడు ఎవరికీ తెలియవు.

దీనివల్ల ఏమి ఉపయోగం? ఆ కాలంలో కూడా ఇదే ప్రశ్న అడిగినవాళ్లు వుండే వుంటారు. నక్షత్రాలు స్థిరంగా వున్నట్టు కనిపిస్తాయి గాని నిజానికి కదులుతుంటాయి. ఆ కదలిక ఎంత స్వల్పమంటే, దాన్ని పట్టాలంటే ఒక నక్షత్రం ఈనాడు ఎక్కడ వుందో తెలిస్తే చాలదు, చాలా ఏళ్ల కిందట ఎక్కడ వుందో కూడా తెలియాలి. ఐరోపావారు పంపిన హిపార్కస్ ఉపగ్రహం 1989 నుంచి 1993 దాకా నక్షత్రాల స్థానాలను కొలిచింది. ఎంత గొప్ప ఉపగ్రహమైనా వెనక్కి వెళ్లి 1914 నాటి ఆకాశాన్ని కొలవలేదు కదా! ఆ పాత పలకల కొలతలు అక్కరకు వచ్చాయి. హైదరాబాదు పట్టీతో సహా ఆనాటి జాబితాలన్నిటినీ ఉపగ్రహం కొలతలతో కలిపి, 2000లో 25 లక్షల నక్షత్రాల కదలికలను ప్రకటించారు. టైకో-2 జాబితా అంటే అదే. బేగంపేటలో దీపం కింద కళ్లు కాయలు కాచేలా కూర్చున్న గుమాస్తా శ్రమ ఎనభై ఏళ్ల తరవాత ప్రపంచానికి పనికి వచ్చింది. శ్రమకు విలువ కట్టటం తెలిసినవాళ్లం మనం. ఈ శ్రమను వేడుక అనటానికి మనకు నోరెలా వస్తుంది?

ఇదే వేధశాలలో పనిచేసిన ఒక ఉద్యోగి కొడుకు, హైదరాబాదు నిజాం కాలేజీలో చదివిన కుర్రవాడు, 1949లో హార్వర్డులో వుండగా ఒక తోకచుక్కను కనిపెట్టాడు. ఆయనే వైణు బాపు. తరవాత తమిళనాడులోని కావలూరులో వేధశాలను నెలకొల్పి ఈ దేశపు ఖగోళ పరిశోధనకు కొత్త పునాది వేశారు. ఒక చోట వేధశాల వుండటం అంటే అర్థం ఇదే. ఆ గుమ్మటం నీడలో ఆడుకున్న పిల్లవాడికి ఆకాశం వారసత్వంగా వస్తుంది.

1959లో ఉస్మానియాలో ఖగోళశాస్త్ర శాఖ ఏర్పడింది. 1964లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం దాన్ని ఉన్నత అధ్యయన కేంద్రంగా గుర్తించింది. ఆచార్య కె.డి. అభ్యంకర్ నాయకత్వంలో, నగరానికి 50 కిలోమీటర్ల పైచిలుకు దూరాన జాపాల, రంగాపురం గ్రామాల దగ్గర కొత్త వేధశాల కట్టారు. 1968లో అక్కడ 48 అంగుళాల దూరదర్శినిని నిలబెట్టారు. ఆనాటికి దేశంలో పెద్దవాటిలో అది ఒకటి.

అక్కడ ముఖ్యంగా ఏమి చేశారు? గ్రహణాలే చూశారు! మన ఇళ్లలో తలుపులు బిగించే గ్రహణాలు కావు, నక్షత్రాల గ్రహణాలు. ఆకాశంలో చాలా నక్షత్రాలు జంటలుగా ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. మన చూపుకు ఒకటి మరొకదాన్ని కప్పినప్పుడు వెలుగు తగ్గుతుంది, దాటిపోగానే మళ్లీ పెరుగుతుంది. రాత్రి తరవాత రాత్రి ఆ వెలుగును కొలిచి గీత గీస్తే, ఆ గీతలో గుంటలు కనిపిస్తాయి. గుంట ఎంత లోతు, ఎంత వెడల్పు, ఎన్నాళ్లకొకసారి వస్తుంది అన్నదాన్ని బట్టి, వాటి వేగాలను కూడా కొలిచి కలిపితే, ఆ నక్షత్రాల పరిమాణం, బరువు తేలుతాయి. మనిషి ఎన్నడూ చేరలేని నక్షత్రాన్ని తూచే త్రాసు గ్రహణమే. తెలుగు పల్లెల నడుమ కూర్చుని, గ్రహణంతోనే నక్షత్రాలను తూచారు మన పరిశోధకులు. ఆ పల్లెల్లోనే గ్రహణం పేరు చెప్పి కడుపుతో వున్న ఆడవాళ్లను గదుల్లో పెడుతూ వచ్చాం. ఈ రెండు గ్రహణాలూ ఒకటేనని చెప్పవలసిన రచయితలు ఎక్కడ వున్నారు?

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం జాపాల-రంగాపురం మీదుగా సాగింది. విదేశాల నుంచి శాస్త్రజ్ఞులు పరికరాలు మోసుకుని అక్కడికి వచ్చారు. రెండు నిమిషాల పైచిలుకు చీకటి కోసం సముద్రాలు దాటి వచ్చారు. ఆ రెండు నిమిషాలూ మన ఊళ్లలో వీధులు నిర్మానుష్యంగా వున్నాయి. ఒక తరం తన తలమీదుగా పోయిన అద్భుతాన్ని తలుపు గడియ పెట్టుకుని పోగొట్టుకున్నది. ఇది మొదటిసారి కూడా కాదు. 1868 ఆగస్టు 18 నాటి గ్రహణాన్ని చూడటానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ గుంటూరు వచ్చాడు, మద్రాసు నుంచి పాగ్సన్ మచిలీపట్నం వచ్చాడు. సూర్యుడి అంచున లేచే జ్వాలల వెలుగును గ్రహణం లేనప్పుడు కూడా పరీక్షించవచ్చునని జాన్సెన్ కనిపెట్టింది గుంటూరులోనే. ఆ ఏడాది పరిశీలనల నుంచే సూర్యకాంతిలో ఒక కొత్త పసుపు గీత బయటపడి, హీలియం అనే మూలకం పేరు పుట్టింది. భూమి మీద అది దొరికింది 1895లో! గుంటూరు పిల్లలకు ఈ సంగతి ఏ తెలుగు వాచకంలో చెబుతున్నాం?

ఇప్పుడు ఆ శాఖ గతి ఏమిటి? శాఖ వుంది. కాని బేగంపేటలోని పాత వేధశాల గుమ్మటాలు శిథిలమయ్యాయి. ఆ ఆవరణలోనే ఈనాడు ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రం పనిచేస్తున్నది. పేదరికాన్ని లెక్కించే పండితుల కిటికీలోంచి నక్షత్రాలను లెక్కించినవారి శిథిలాలు కనిపిస్తాయి. మిత్రుడు అన్న "ముందు అన్నం, తరవాత ఆకాశం" అనే వాదానికి ఇంతకన్న చక్కని బొమ్మ దొరకదు. గుమ్మటం కూలినందువల్ల ఎవరి కంచంలోనైనా ఒక మెతుకు ఎక్కువ పడిందా? జాపాల-రంగాపురానికి నగరపు వెలుతురు దగ్గరపడింది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఖాళీ అయిన అధ్యాపక స్థానాలు ఏళ్ల తరబడి అలాగే వుండిపోయాయి.

ఇదే కాలంలో డబ్బు లేదన్నవాళ్లు దేనికి ముందుకొచ్చారో చూడండి. 2001 ఫిబ్రవరిలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం "జ్యోతిర్విజ్ఞానం" పేరుతో జాతక శాస్త్రానికి శాఖలు పెట్టండని విశ్వవిద్యాలయాలకు వర్తమానం పంపింది. 1964లో ఉస్మానియా ఖగోళశాస్త్రాన్ని గుర్తించిన సంఘమూ ఇదే! హైదరాబాదు శాస్త్రజ్ఞుడు పుష్ప మిత్ర భార్గవ మరికొందరితో కలిసి హైకోర్టుకు వెళ్లారు. వ్యాజ్యాన్ని కొట్టివేశారు. సుప్రీంకోర్టు కూడా 2004లో కొట్టివేసింది. 2021లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం జ్యోతిషంలో ఎం.ఏ. ప్రారంభించింది. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించటం పౌరుడి విధి అని 1976 నుంచి రాజ్యాంగం 51ఏ అధికరణంలో వుంది. పౌరుడికి ఆ విధి వుంటే ప్రభుత్వానికి వుండదా?

"జనం నమ్మకం, మనకెందుకు?" అనేవారికి మన రాజమహేంద్రవరం నుంచే జవాబు చెబుతాను. 2015 గోదావరి పుష్కరాలను 144 ఏళ్లకొకసారి వచ్చే మహాపుష్కరాలని ఊరూరా చాటారు. గురుగ్రహం సూర్యుణ్ణి ఒకసారి చుట్టటానికి 11.86 ఏళ్లు పడుతుంది. అందుకే పన్నెండేళ్లకొకసారి పుష్కరం. పన్నెండు సార్లు చుట్టటానికి సుమారు 142 ఏళ్లు సరిపోతాయి, 144 అక్కరలేదు. ఆ పన్నెండవ చుట్టులోనూ గురుడు మిగతా చుట్టుల్లో చేసిన పనే చేస్తాడు. ఆకాశంలో ఏ మహత్తూ జరగలేదు. మహత్తు ప్రకటనల్లోనే వుంది. జూలై 14న, మొదటి రోజు, మొదటి ముహూర్తంలో మునగాలని జనం పుష్కర ఘాట్ దగ్గర కిక్కిరిసిపోయారు. తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. గోదావరిలో స్నానం చేయాలనుకోవటం వారి తప్పు కాదు. తాతల నాటి నుంచీ ఈ నది మనకు తల్లి. ఏర్పాట్లు చేయలేనివారిది మొదటి తప్పు. ఆ గడియ దాటితే పుణ్యం దాటిపోతుందని జనాన్ని తరిమినవారిది రెండవ తప్పు. గురుడి గమనం తెలిసి కూడా ఆ 144 ఏళ్ల మాట అబద్ధమని నాలుగు వీధుల్లో చెప్పనివారిది మూడవ తప్పు. ఆ మూడవ తప్పు మనది.

ఆకలికీ నక్షత్రాలకూ వైరం లేదని చెప్పటానికి ఒక మనిషి చాలు: మేఘనాథ్ సాహా. నక్షత్రాల కాంతి నుంచి వాటి ఉష్ణోగ్రతను, పదార్థాన్ని చదవటానికి దారి చూపిన సమీకరణం 1920లో ఆయన ఇచ్చిందే. అదే మనిషి బెంగాలు వరదలను కళ్లారా చూసి, నదుల అదుపు గురించి, దామోదర్ లోయ పథకం గురించి పోరాడాడు. వామపక్షాల మద్దతుతో 1952లో లోక్‌సభకు గెలిచాడు. పంచాంగాల గందరగోళాన్ని సరిచేయటానికి ఏర్పడిన సంఘానికి అధ్యక్షత వహించాడు. దాని ఫలితమే 1957లో అమలులోకి వచ్చిన జాతీయ పంచాంగం. 1986 వరదను చూసిన గోదావరి జిల్లాల వాళ్లం మనం. వరదను లెక్కగట్టే బుద్ధి, నక్షత్రాన్ని లెక్కగట్టే బుద్ధి రెండూ ఒకటేనని మనకు ఇంకెవరు చెప్పాలి?

కనుక మిత్రమా, నీ ప్రశ్న నీకే తిప్పి ఇస్తున్నాను. అన్నం ముందా, ఆకాశం ముందా అన్న పందెం ఎవరు పెట్టారు? పాలకులు శాఖను ఎండబెట్టి, జాతకాలకు పట్టా ఇచ్చి, "డబ్బు లేదు" అంటే నీవు వారి మాటనే ఎర్రరంగు పూసి చెబుతున్నావు.

ఇక మా తెలుగు శాఖలవారి సంగతి. చంద్రుణ్ణి గురించి వంద ఉపమానాలు చెప్పగలం. గ్రహణవేళ చంద్రుడు ఎందుకు ఎర్రబడతాడో ఒక్క విద్యార్థికి చెప్పలేం. భూమి చుట్టూ ఆ క్షణాన జరుగుతున్న ఉదయాలూ అస్తమయాలూ అన్నిటి ఎర్రని వెలుగు మన గాలిపొరలో వంగి, నీడలో వున్న చంద్రుడి మీద పడుతుంది. ఏ ఉపమానం దీనికి సాటి? ఇదే రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం వందేళ్ల కిందటే ప్రజల భాషలో శాస్త్రాలు రాయటానికి పూనుకున్నారు. కోనసీమ మహీధర కుటుంబానికి చెందిన నళినీమోహన్ క్యాలెండర్ కథను పిల్లలకు కూడా అర్థమయ్యేలా తెలుగులో చెప్పారు. ఆ దారి మూసుకుపోలేదు, మనమే నడవటం మానేశాం. 1918లో నైజాం పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం శాస్త్రాలను ఉర్దూలో చెప్పింది. అందుకోసం అనువాద శాఖనే పెట్టింది. రాచరికం తన భాషకు చేసిన పనిని రెండు తెలుగు ప్రభుత్వాలు తమ భాషకు చేయకపోతే, అడగవలసింది రచయితల సంఘాలు కాదా?

పరిశోధన ఆగిపోలేదు. 2023 జూన్‌లో పుణె దగ్గరి పెద్ద రేడియో దూరదర్శినితో పనిచేసే బృందం, ఇతర దేశాల బృందాలతో పాటు, అతి దీర్ఘమైన గురుత్వ తరంగాల ఆనవాళ్లను ప్రకటించింది. ఆ బృందంలో హైదరాబాదు ఐఐటీ వారున్నారు. గడియారంలా టిక్కుటిక్కుమనే మృతతారల తాళంలో ఏళ్ల తరబడి వచ్చిన అతిసూక్ష్మమైన తేడాను పట్టుకున్నారు. అదే ఏడాది సెప్టెంబరు 2న ఆదిత్య-ఎల్1 శ్రీహరికోట నుంచి సూర్యుణ్ణి చూడటానికి బయలుదేరింది. 2018 నుంచి టెస్ ఉపగ్రహం కొలిచిన నక్షత్రాల వెలుగు లెక్కలు ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. జాపాల-రంగాపురంలో రాత్రుళ్లు మేలుకుని కొలిచిన జంటతారల గ్రహణాలను ఈనాడు కాకినాడ డిగ్రీ విద్యార్థి కాలేజీ కంప్యూటరు మీద గీసి చూడవచ్చు. కావలసింది కోట్లు కాదు. ఒక అధ్యాపకుడు, ఒక కంప్యూటరు, తెలుగులో నాలుగు పుటల వివరణ.

మనం చేయవలసినవి మూడు. వేధశాలలను బాగు చేయాలని, ఖాళీలు నింపాలని యూనియను తీర్మానాల్లో జీతాల డిమాండు పక్కనే రాయాలి. విశ్వవిద్యాలయాలు చేసే పరిశోధనను ఏటా తెలుగులో ప్రజల ముందు పెట్టాలని అడగాలి. 2027లో గోదావరికి మళ్లీ పుష్కరాలు వస్తాయి. అప్పటికి గురుడి గమనాన్ని వివరించే చిన్న పుస్తకం ప్రతి పాఠశాలలో వుండాలి. దాన్ని ఎవరో రాయరు, మనమే రాయాలి.

2028 డిసెంబరు 31 రాత్రి మళ్లీ సంపూర్ణ చంద్రగ్రహణం మన ఆకాశంలో కనిపిస్తుంది. ఆ వదిన బిడ్డకు అప్పటికి మూడేళ్లు నిండుతాయి. ఆ రాత్రి ఆ తల్లీ బిడ్డా గోదావరి గట్టు మీద వుంటారా, తలుపు మూసిన గదిలో వుంటారా అన్నది గ్రహాలు నిర్ణయించవు. ఈ మూడేళ్లలో మనం చేసే పనే నిర్ణయిస్తుంది.